సీనియర్లతో చిక్కు ఎక్కడ?

కొత్త పద్ధతిని వ్యతిరేకించేది వయసు కాదు, తనను తాను సమర్థించుకునే మనసు. కుర్ర మేనేజర్లూ అందుకు మినహాయింపు కాదు

ముప్పై అయిదేళ్ల అధికారి కింద అరవై ఏళ్ల ఉద్యోగి. ప్రభుత్వ ఆఫీసుల్లో ఇలాంటి జోడీలు ఇక పెరిగేవే. ఉద్యోగుల పదవీ విరమణ వయసును తెలంగాణ 2021లో 58 నుంచి 61కి, ఆంధ్రప్రదేశ్ 2022లో 60 నుంచి 62కి పెంచాయి. కొత్త విధానం అనగానే సీనియర్ల నోట వచ్చే మాట ఒక్కటే: "ఇన్నాళ్లూ ఇలాగే చేశాం, ఏం మునిగింది?" అధికారి దాన్ని మొండితనం కింద జమకట్టేస్తాడు.

అసలు విషయం వేరు. మనసులోని రెండు నమ్మకాలకు పొంతన కుదరకపోతే మనిషి స్థిమితంగా ఉండలేడని అమెరికన్ మనస్తత్వవేత్త లియోన్ ఫెస్టింగర్ 1957లో సిద్ధాంతీకరించారు. 'నేను పని తెలిసినవాణ్ణి', 'నా పద్ధతి తప్పు' అనేవి అలాంటి జంటే. ముప్పై ఏళ్ల సర్వీసును తప్పు పట్టుకోవడం కన్నా కొత్త సాఫ్ట్‌వేర్‌ను తప్పు పట్టడం తేలిక.

ఇది వృద్ధాప్య లక్షణమేమీ కాదు. 1976లో బారీ స్టా బిజినెస్ విద్యార్థులపై ఓ ప్రయోగం చేశారు. తాము ఎంచుకున్న విభాగం దెబ్బతిన్నదని తెలిశాక, దానికే మరింత సొమ్ము కేటాయించింది ఆ నిర్ణయం తీసుకున్నవారే. మేనేజర్లూ అంతే. 'ఈయన వల్ల కాదు' అని ముందే తేల్చుకుని, ఫైళ్లు సర్దే పని అప్పగించి, ఫలితం లేదంటూ తమ అంచనాను రుజువు చేసుకుంటారు.

జర్మనీలోని డింగోల్ఫింగ్ బీఎండబ్ల్యూ కర్మాగారం 2007లో మరో దారి తొక్కింది. ఒక ఉత్పత్తి విభాగంలో సగటు వయసు 47 ఉండేలా 42 మందిని నియమించింది. మొదట్లో దాన్ని 'పెన్షనర్ల లైన్' అని ఎగతాళి చేశారు. యాజమాన్యం మాత్రం ఏం మార్చాలో చెప్పమని కార్మికులనే అడిగింది. చెక్క నేల, కూర్చుని పనిచేసే కుర్చీలు, భూతద్దాలు వగైరా 70 చిన్న మార్పులు జరిగాయి. పరికరాలకైన ఖర్చు సుమారు 20,000 యూరోలు. ఏడాదిలో ఉత్పాదకత 7 శాతం పెరిగింది.

పైనుంచి రుద్దిన మార్పులో తప్పులు వెతికే మనసే, తాను సూచించిన మార్పును నిలబెట్టడానికి పాటుపడుతుంది. అందుకే "దీన్ని ఎందుకు మార్చరు?" అనే ముందు "అసలు దీన్ని ఇలా ఎందుకు పెట్టారు?" అని అడగడం మేలు. అప్పటి కారణం ఇప్పుడు చెల్లదని సీనియరే గ్రహించవచ్చు. లేదా, అది ఇంకా చెల్లుతోందని అధికారికే తెలిసిరావచ్చు.