బడి మీ ఇష్టం, మరి పరీక్ష?

అమెరికాలో చాలా రాష్ట్రాలు పిల్లల ప్రైవేటు చదువుకు తల్లిదండ్రులకు ప్రభుత్వ డబ్బు ఇస్తున్నాయి. స్కాలర్‌షిప్ అంటున్నా ఇది మార్కులు చూసి ఇచ్చేది కాదు. ప్రభుత్వ బడిలో ఆ బిడ్డ మీద పెట్టాల్సిన ఖర్చులో కొంత ఇంటివాళ్లు ఎంచుకున్న చదువుకు వెళ్తుంది. ఆ డబ్బు తీసుకున్న పిల్లలు ఏటా ఒక పరీక్ష తప్పక రాయాలా, లేక అది కూడా తల్లిదండ్రుల ఇష్టమేనా? వివాదమంతా ఇక్కడే.

అరిజోనాలో ఇలాంటి పథకం 2011లో దివ్యాంగులైన పిల్లల కోసం మొదలైంది. 2022లో అందరికీ తెరిచారు. సాధారణంగా పిల్లకు ఏడాదికి సుమారు 7,000 డాలర్లు వస్తాయి, పరీక్ష రాయాలన్న షరతు లేదు. ఫ్లోరిడాలో మాత్రం స్కాలర్‌షిప్ మీద ప్రైవేటు బడిలో చేరిన పిల్లలు 3 నుంచి 10వ తరగతి దాకా ఏటా పరీక్ష రాయాలి. అయితే అది రాష్ట్ర పరీక్షే కానక్కర్లేదు. దేశంలో అదే తరగతి పిల్లలతో పోలిస్తే మన బిడ్డ ఎక్కడుందో చెప్పే జాతీయ పరీక్ష రాసినా చాలు. వైకల్యం వల్ల ఇలాంటి పరీక్ష సరిపడని పిల్లలకు మినహాయింపు ఉంది. ఉండాలి కూడా.

పరీక్ష వద్దనేవాళ్ల మాటలో బలం లేకపోలేదు. పరీక్షలో ఏది అడిగితే బడి అదే చెబుతుంది. రాష్ట్ర పరీక్షను తప్పనిసరి చేస్తే, ఏ సిలబస్ వద్దనుకుని బిడ్డను వేరే బడిలో వేశారో అదే వెంట వస్తుంది. లూసియానా తన పాత స్కాలర్‌షిప్ పథకంలో రాష్ట్ర పరీక్షనే తప్పనిసరి చేసింది. అక్కడి ప్రైవేటు బడుల్లో మూడో వంతు మాత్రమే పథకంలో చేరాయి. కానీ ఆ పథకంలో చేరిన పిల్లలు తొలి ఏడాదే లెక్కల్లో బాగా వెనకబడ్డారన్న సంగతి బయటపడిందీ ఆ పరీక్ష వల్లే.

ఇక హక్కు సంగతి. పిల్లలందరూ ప్రభుత్వ బడికే వెళ్లాలన్న ఒరెగాన్ చట్టాన్ని 1925లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. తల్లిదండ్రుల హక్కు గురించి మాట్లాడేవారంతా చూపించే తీర్పు అదే. బడులను తనిఖీ చేయడానికీ, విద్యార్థులను పరీక్షించడానికీ రాష్ట్రానికున్న అధికారాన్ని ఇక్కడ ఎవరూ ప్రశ్నించడం లేదని కూడా అదే తీర్పు చెప్పింది. ఈ రెండో మాట మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు.

పరీక్ష లేకపోతే ఏం పోతుందో మన దగ్గరే తేలింది. 2008 నుంచి నాలుగేళ్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక అధ్యయనం చేశారు. పల్లెల్లో లాటరీలో పేరొచ్చిన పిల్లలకు ప్రైవేటు బడి ఫీజులు కట్టారు. చివర్లో పరీక్ష పెడితే తెలుగులో, లెక్కల్లో ఆ పిల్లలకూ పేరు రానివాళ్లకూ తేడా లేదు. హిందీలో మాత్రం లాటరీలో పేరొచ్చినవాళ్లే ముందున్నారు. పైగా ఆ ప్రైవేటు బడులకు పిల్లకు అయ్యే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కంటే తక్కువ. యూనిఫాం, టై చూసి ఇవేవీ ఎవరూ చెప్పలేరు.

నా మటుకు ఫ్లోరిడా దారే సరైనది. ఏ పరీక్ష అన్నది ఎంచుకోవచ్చు, అసలు పరీక్షే వద్దనడం మాత్రం కుదరదు. అది బిడ్డను ఫెయిల్ చేయడానికి కాదు, ఇంట్లోవాళ్లకు నిజం తెలియడానికి. టెక్సాస్ కూడా ఇలాంటి పథకం కోసం 2025లో తెచ్చిన చట్టంలో పరీక్ష షరతు పెట్టింది. అక్కడ దరఖాస్తు చేయబోయే తెలుగు తల్లిదండ్రులు ఫీజుతో పాటు ఇంకొకటి కూడా అడగండి: ఏ పరీక్ష పెడతారు, ఫలితం మా చేతికి ఎప్పుడిస్తారు?