పాత బాహుబలి... కొత్త కత్తెర

రెండు భాగాల 'బాహుబలి'ని దర్శకుడు రాజమౌళే కలిపి, కుదించి, ఒకే సినిమాగా మళ్లీ తెరమీదకు తెచ్చారు. మరి అప్పటిదానికీ ఇప్పటిదానికీ తేడా ఏమిటి? పోయిందేమిటి? మిగిలిందేమిటి?

2015 జులై 10. ఉప్పల్ రింగురోడ్డులో మెట్రో స్తంభాలైతే లేచాయి గానీ వాటిమీద రైలు ఇంకా లేదు. ఆరోజు 'బాహుబలి: ది బిగినింగ్' చూసి హాలు బయటికొచ్చినవాళ్లంతా ఒకటే ప్రశ్నతో ఇళ్లకు వెళ్లారు. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? జవాబు కోసం 2017 ఏప్రిల్ 28 దాకా ఆగాల్సి వచ్చింది. ఉప్పల్‌కి మెట్రో రైలు రావడానికి ఆ తర్వాత కూడా ఏడు నెలలు పట్టింది.

2025 అక్టోబరు 31న విడుదలైన 'బాహుబలి: ది ఎపిక్'లో ఆ ఎదురుచూపు లేదు. ప్రశ్నా జవాబూ ఒకే టికెట్టుకి దొరికాయి. 2015లో పుట్టిన పిల్లలకు అప్పటికి పదేళ్లు. టీవీలో ఎన్నిసార్లు చూసినా పెద్ద తెరమీద వాళ్లకిదే మొదటిసారి. అమ్మానాన్నలకు మాత్రం సినిమా చూస్తూ ఇంకో పని కూడా పడింది... 'ఇక్కడ పాట ఉండాలి కదా?' అని వెతుక్కోవడం.

నాచారం చెప్పే జవాబు

మూడు గంటల నలభై అయిదు నిమిషాలు ఈ రోజుల్లో ఎవరు కూర్చుంటారు? ఈ అనుమానం సహజమే. ఉప్పల్ పక్కనున్న నాచారాన్ని తలచుకుంటే దానికి పాత జవాబొకటి దొరుకుతుంది. నందమూరి తారక రామారావు కట్టించిన రామకృష్ణా స్టూడియో నాచారంలోనిదే. రామకృష్ణా సినీ స్టూడియోస్ పతాకం మీద ఆయన తీసిన 'దాన వీర శూర కర్ణ' 1977 సంక్రాంతికి వచ్చింది. నిడివి దాదాపు నాలుగు గంటలు. నిర్మాతా దర్శకుడూ ఆయనే. కృష్ణుడూ కర్ణుడూ దుర్యోధనుడూ ఆయనే. జనం విసుక్కోలేదు సరికదా, ఆ సినిమాలోని డైలాగులు నేటికీ గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేవాళ్లు ఊరికొకరైనా ఉంటారు.

మూడేళ్ల తర్వాత, 1980లో, అదే రామారావు 'సూపర్‌మ్యాన్' అనే తెలుగు సినిమాలోనూ కథానాయకుడయ్యారు. పౌరాణిక వీరుడికీ సూపర్ హీరోకీ మన ప్రేక్షకులు పెద్దగా తేడా చూడరు. శివలింగాన్ని భుజానికెత్తుకున్న శివుడికి చప్పట్లు కొట్టిందీ అందుకే.

గంటన్నర మాయం

'బాహుబలి' రెండు భాగాలూ కలిపితే అయిదుంబావు గంటలు దాటుతుంది. 'ఎపిక్' మూడుముప్పావు గంటలు. అంటే గంటన్నరకు పైగా కత్తెరకు బలైంది. శివుడు, అవంతికల ప్రేమకథ చాలావరకు పోయింది. పచ్చబొట్టు పాట లేదు. 'మనోహరి' లేదు. రెండో భాగంలో దేవసేన పాడే 'కన్నా నిదురించరా' కూడా లేదు. యుద్ధ ఘట్టాల్లోనూ కోతలు పడ్డాయి.

దీనివల్ల లాభం లేకపోలేదు. నీళ్లలో మునిగిపోతూ పసివాణ్ని ఒంటిచేత్తో పైకెత్తిన శివగామి, ఏళ్ల తరబడి గొలుసులతో బందీగా ఉన్న దేవసేన... ఈ ఇద్దరు తల్లుల మధ్య నలిగిన కథ ఇదని 'ఎపిక్'లో స్పష్టంగా తెలుస్తుంది. 2015లో మొదటి గంట జలపాతం చుట్టూ తిరిగితే, ఇప్పుడు కథ గబగబా మాహిష్మతికి చేరుతుంది. శివగామి చేసిన పొరపాటుకీ దాని ఫలితానికీ మధ్య రెండేళ్ల విరామం లేదు కాబట్టి దెబ్బ సూటిగా తగులుతుంది.

నష్టం అవంతికది. మొదటి సినిమాలో జలపాతం నుంచి జారిపడిన ఒక ముసుగు శివుడికి దొరుకుతుంది. దాని ఆధారంగా ఇసుకలో ఓ అమ్మాయి ముఖం గీస్తాడు. ఆమె కోసమే కొండ ఎక్కుతాడు. ఆమె లక్ష్యం దేవసేనను విడిపించడం. దాన్ని అతను తన భుజానికెత్తుకుంటాడు. తల్లి అని తెలియకముందే తల్లి కోసం బయల్దేరడమే అందులోని అందం. ప్రేమకథ తగ్గిపోతే ఈ అందమూ పలచబడుతుంది. రెండో భాగంలో అవంతిక ఎటూ పెద్దగా కనిపించదు. మొదటి భాగంలోని చోటు కూడా తగ్గితే, కత్తి పట్టిన ఆ యోధురాలికి ఇక మిగిలేదెంత? అయితే శివుడు ఆమె ప్రమేయం లేకుండానే అలంకరించే తీరు మీద 2015లోనే విమర్శలొచ్చాయి. ఆ ఘట్టం మీద బెంగపడేవాళ్లు తక్కువే.

అక్కడ తండ్రి తిరిగొచ్చాడు

దర్శకుడి కత్తెరకు హాలీవుడ్‌లో పెద్ద చరిత్రే ఉంది. 'సూపర్‌మ్యాన్' మొదటి రెండు భాగాలనూ రిచర్డ్ డోనర్ కలిపి తీయడం మొదలుపెట్టారు. నిర్మాతలతో చెడి, రెండోది పూర్తికాకుండానే ఆయన్ని తప్పించారు. రిచర్డ్ లెస్టర్ పూర్తిచేయగా అది 1980లో విడుదలైంది. సూపర్‌మ్యాన్ తండ్రిగా మార్లన్ బ్రాండో నటించిన సన్నివేశాలు అందులో లేవు. ఆ చోట తల్లి పాత్ర వచ్చింది. 2006లో డోనర్ కూర్పు బయటికొచ్చాక తండ్రీ కొడుకుల కథ మళ్లీ మధ్యలోకి వచ్చింది. తీయకుండా మిగిలిపోయిన ఒక ముఖ్య సన్నివేశం కోసం నటీనటుల స్క్రీన్ టెస్ట్ ఫిల్మును వాడుకున్నారు. అతుకు తెలుస్తుంది. అయినా అభిమానులు కళ్లకద్దుకున్నారు.

'జస్టిస్ లీగ్' కథ మరీ బాధాకరం. కూతురు చనిపోవడంతో దర్శకుడు జాక్ స్నైడర్ 2017లో మధ్యలోనే తప్పుకున్నారు. జాస్ వీడన్ కొన్ని సన్నివేశాలు మళ్లీ తీసి, రెండు గంటల సినిమాగా ముగించారు. అభిమానులు పట్టుబట్టగా 2021లో స్నైడర్ కూర్పు వచ్చింది. నాలుగు గంటల రెండు నిమిషాలు! మొదటిదాంట్లో ఓ మూలనున్న సైబోర్గ్ ఇందులో కథకు గుండెకాయ అయ్యాడు. తండ్రి మీద అతని కోపం, దుఃఖం అన్నీ తెరమీదికొచ్చాయి.

అక్కడ సైబోర్గ్ మూల నుంచి మధ్యకు వచ్చాడు. ఇక్కడ అవంతిక మధ్య నుంచి మూలకు వెళ్లింది. రెండుచోట్లా కత్తెర పట్టింది దర్శకుడే. స్నైడర్ తనకు దక్కనిదాన్ని తిరిగి తెచ్చుకున్నారు. రాజమౌళి తానే తీసి, తానే విడుదల చేసిన వాటిని పదేళ్ల తర్వాత వద్దనుకున్నారు. కథ ఎవరిదో తేల్చుకోవడమే ఇద్దరూ చేసిన పని.

దాచుకుంటేనే...

డోనర్ ఫిల్మును పాతికేళ్లకు పైగా ఎవరో భద్రంగా ఉంచారు కాబట్టే బ్రాండో తిరిగొచ్చాడు. మన పాత సినిమాలకు ఆ అదృష్టం తక్కువ. 1932 నాటి తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటే ఇప్పుడు దొరకదు. పాత రీళ్లలోని వెండి కోసం వాటిని కరిగించిన సందర్భాలు మన దేశ సినిమా చరిత్రలో ఉన్నాయి. అలా పోయినవాటికి ఏ దర్శకుడొచ్చినా కొత్త కూర్పు చేయలేడు.

'బాహుబలి'కి ఆ భయం లేదు. పాత భాగాలు రెండూ ఉన్నాయి, కొత్తదీ ఉంది. 'ఎపిక్' మాత్రమే చూసిన పిల్లలుంటే, ఓ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో మొదటి భాగం పెట్టండి. జలపాతం నుంచి ముసుగు జారిపడే దగ్గర్నుంచి చూడనివ్వండి. శివుడు కొండ ఎందుకెక్కాడో వాళ్లకు అప్పుడు పూర్తిగా తెలుస్తుంది.