ఛాయాచిత్ర దర్శనము - మూల్యనిర్ణయము

ఒకే నెగెటివునుండి ఎన్ని ప్రతులనైనను తీయవచ్చును. కావున చేతితో చిత్రించిన పటమునందువలె ఛాయాచిత్రమునందు ‘ఇదియే మూలము’ అని నిర్ణయించుట కష్టము. ఇట్టి కృతికి విలువ కట్టుట యెట్లు? కళావిపణి యీ ప్రశ్నకొక సమాధానమును కల్పించుకొన్నది. ప్రతుల సంఖ్యను ముందుగానే పరిమితము చేసి, ఒక్కొక్కదానికి వరుససంఖ్య వేసి, కళాకారునిచే సంతకము చేయింతురు. దీనివలన దుర్లభత, దుర్లభతవలన ధర యేర్పడును. కాని ధర వేరు, విలువ వేరు. ఒక్క తాళపత్రప్రతి మాత్రమే మిగిలినంతమాత్రమున అందలి కావ్యము ఉత్తమము కానట్లే, ప్రతులు తక్కువైనంతమాత్రమున ఛాయాచిత్రము ఉత్కృష్టము కాజాలదు.

ఈ విషయమును పరిశీలించుటకు దయానితా సింగ్ (జననము 1961, ఢిల్లీ) కృషి మంచి ఆకరము. 2013లో జర్మనీలోని స్టైడల్ సంస్థ ప్రచురించిన ‘ఫైల్ రూమ్’ అను గ్రంథమున ఆమె మన దేశపు దస్త్రశాలలను నలుపు తెలుపు ఛాయాచిత్రములలో చూపినది. గుడ్డలో కట్టిన కాగితపు మూటలు, బీరువాలు, ఎత్తుగా పేర్చిన దస్త్రములు, అక్కడక్కడ వానిని కాపాడు ఉద్యోగులు - ఇవియే వస్తువు. ఒక్క సుందరచిత్రమును వెదకువానికి ఇందు పునరుక్తియే కన్పట్టును. వరుసగా చూచువానికి మాత్రము ఒకచోట క్రమము, మరొకచోట శైథిల్యము గోచరించును. పత్రములలోని విషయము మనకు తెలియదు. అయినను వానిలో నిక్షిప్తమైన జీవితములు స్ఫురించును. ఆనందవర్ధనుడు కావ్యమునందు చెప్పిన ధ్వనికి ఇది దూరము కాదు.

ఆమె చిత్రములను కొయ్య చట్రములలో అమర్చి, వానిని మార్చి మార్చి చూపుటకు వీలు కల్పించినది. 2017లో వెలువడిన ‘మ్యూజియం భవన్’ ఒక పెట్టెలోని తొమ్మిది చిన్న పుస్తకముల సంపుటి. వాని మడతలు విప్పినచో పాఠకుని యింటనే ప్రదర్శన యేర్పడును. 2022లో ఆమెకు హాసెల్‌బ్లాడ్ పురస్కారము లభించినది.

ఇందుండి తేలున దేమి? ముక్తకము ఒంటరిగా నిలిచి అర్థమిచ్చును; ప్రబంధమునందలి పద్యమునకు పూర్వాపరసందర్భము వలన అర్థము పెరుగును. ఇచ్చట ఒక్కొక్క చిత్రము పద్యమువంటిది, కూర్పు ప్రబంధమువంటిది. వ్రాయసగాండ్రవలన పుట్టిన పాఠభేదములలో పరిష్కర్త మూలపాఠమును వెదకును. ఈ కూర్పులలోని భేదములు కర్త స్వయముగా ఉద్దేశించినవి. కావున వానిలో ఒక్కదానినే మూలమనుట చెల్లదు. విమర్శకుడు తాను చూచిన కూర్పు ఏదియో, ఎప్పుడు, ఎచ్చట చూచెనో పేర్కొనవలెను. లేనిచో ఇద్దరు విమర్శకులు రెండు వేర్వేరు కృతులను గూర్చి వాదించుకొనుట తటస్థించును.

కావున ఛాయాచిత్రమును చూచునపుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను: చూపబడినదేమి? ఏ వరుసలో చూపబడినది? ముద్రణము, గ్రంథము, గోడ - వీనిలో ఏ రూపమున చూపబడినది? ధర ప్రసక్తి వీని తరువాతిది. లిఖితప్రతులను సేకరించు మనకును ఇందొక హెచ్చరిక కలదు. ఒక్కొక్క పుటకు ఛాయాచిత్రము తీసినచో పాఠము దక్కును. ఏ కట్టలో, దేని ప్రక్కన అది యుండెనో వ్రాసికొననిచో దాని చరిత్ర దక్కదు.