చలికాలమా, పగులా?

స్విట్జర్లాండ్‌లో బెర్న్-జ్యూరిక్ రహదారికి అడ్డంగా జడ్24 అనే చిన్న కాంక్రీటు వంతెన ఉండేది. కట్టింది 1963లో. పక్కన రైలు మార్గం వస్తుండడంతో 1998లో దాన్ని కూల్చాల్సి వచ్చింది. కూల్చే ముందు ఇంజనీర్లు సెన్సార్లు బిగించి ఏడాదికి దగ్గరగా గమనించారు. ఆ తర్వాత కావాలనే అంచెలంచెలుగా దెబ్బతీశారు. ఒక స్తంభాన్ని 95 మిల్లీమీటర్ల దాకా కిందికి దించారు, కాంక్రీటు పెచ్చులు ఊడగొట్టారు, చివరికి లోపల బిగించిన ఉక్కు తీగలను తెంపారు.

వాహనాలు పోతుంటే, గాలి వీస్తుంటే వంతెన కంటికి ఆననంత సన్నగా అదురుతుంది. ఆ అదురుకు ఒక సహజ వేగం, అంటే పౌనఃపున్యం, ఉంటుంది. జడ్24కి అది సెకనుకు సుమారు 4 సార్లు. వీణ తీగ వదులైతే శ్రుతి దిగినట్టు, పగుళ్లతో దృఢత్వం తగ్గితే వంతెన అదురు నెమ్మదిస్తుంది. పౌనఃపున్యం పడిపోతే నష్టం జరిగినట్టే అనుకోవచ్చు కదా?

అక్కడే చిక్కు వచ్చింది. చలికాలంలో ఉష్ణోగ్రత సున్నా కిందికి పోగానే పైనున్న తారు గడ్డకట్టి బిగుసుకుంది. వంతెనకు ఏమీ కాకపోయినా పౌనఃపున్యం పది శాతానికి మించి మారింది. తర్వాత ఇంజనీర్లు చేసిన గాయాల వల్ల వచ్చిన తగ్గుదల అంత కూడా లేదు! మన గోదావరి వంతెనల మీద తారు గడ్డకట్టదు గానీ, ఎండకు కాంక్రీటు, ఉక్కు సాగడం ఇక్కడా తప్పదు. అందుకే అదురుతో పాటు ఉష్ణోగ్రతనూ కొలవాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఏ వేడికి ఎలా అదురుతుందో ముందే తెలిసుంటే, వాతావరణం వాటా తీసేసి మిగిలిన తేడాను అనుమానించవచ్చు. పగుళ్లు కనబడ్డాక సెన్సార్లు తగిలించడం నాకు సగం పనిగానే తోస్తుంది.

అయితే పౌనఃపున్యం వంతెన మొత్తానికి సంబంధించిన లెక్క. ఎక్కడో ఒక అతుకులో దాగిన లోపం అందులో బయటపడకపోవచ్చు. అమెరికాలోని మినియాపొలిస్‌లో 2007 ఆగస్టు 1న ఐ-35డబ్ల్యూ వంతెన కూలి 13 మంది చనిపోయారు. కడ్డీలను కలిపే ఉక్కు పలకల్లో కొన్ని ఉండాల్సిన మందంలో సగమే ఉన్నాయి. అవి వంగి ఉండడం 2003లో తీసిన ఫొటోల్లోనే కనబడుతోంది. ఆ వంపును ఎవరైనా లెక్కగట్టి ఉంటే ఆ ప్రాణాలు దక్కేవేమోనన్న బాధ పోదు. అందుకే అతుకుల దగ్గర ఉక్కు సాగుదలను కొలిచే స్ట్రెయిన్ గేజీలూ కావాలి, చూసినదాన్ని ప్రశ్నించే ఇంజనీరూ కావాలి.

అదే చోట 2008లో కొత్త వంతెన తెరిచారు. కడుతున్నప్పుడే అందులో 300కు పైగా సెన్సార్లు పెట్టడంతో, దెబ్బతినక ముందు అది ఎండకూ చలికీ ఎలా స్పందిస్తుందో తొలి ఏడాది నుంచే నమోదైంది.