వార్తల్లో పదం: మెటల్లోప్రొటీనేజ్

పాముకాటు మందుల పరిశోధనల్లోనూ, క్యాన్సర్ వార్తల్లోనూ కనిపిస్తున్న మాట ఇది. మెటల్లోప్రొటీనేజ్ అంటే ప్రొటీన్లను తెంచే ఎంజైమ్. దాని నడుమ ఉండే లోహం, ఎక్కువగా జింకు, లేకపోతే అది పనిచెయ్యదు.

మన కణాల చుట్టూ కొలాజెన్ పోగుల వల అల్లుకుని ఉంటుంది. పత్తి కాయ మొన గీసుకుని వేలు తెగిందనుకోండి. గాయం అంచున ఉన్న చర్మకణాలు జరుగుతూ వచ్చి దాన్ని పూడ్చాలి. అడ్డొచ్చే పోగులను తెంచి వాటికి దారి ఇచ్చేది ఈ ఎంజైమే. కప్పపిల్ల తోక ఎలా కరిగిపోతుందో చూస్తూ 1962లో జెరోమ్ గ్రాస్, చార్లెస్ లాపియేర్ ఈ కోవలో మొదటిదాన్ని గుర్తించారు. క్యాన్సర్ కణాలు పక్క అవయవాల్లోకి చొరబడేదీ చాలావరకు ఇలాంటి ఎంజైమ్‌ల సాయంతోనే.

గుంటూరు, ప్రకాశం చేలల్లో పనిచేసేవారు ఈ మాటను మరీ ముఖ్యంగా తెలుసుకోవాలి. రక్తపింజర విషంలో దీని దాయాది ఉంది. అది సన్నటి రక్తనాళాల గోడలకు ఆసరాగా ఉండే పొరను కోసేస్తుంది. కాటు పడ్డచోట వాపు, బొబ్బలు వస్తాయి, రక్తం కారుతుంది. విరుగుడు సూది రక్తంలోని విషాన్ని అడ్డుకుంటుంది కానీ, అప్పటికే చచ్చిన కండను తిరిగి తేలేదు. అందుకే తాడు బిగించడం, గాటు పెట్టడం మాని తక్షణం ఆసుపత్రికి చేర్చాలి.

క్యాన్సర్ పరీక్షల్లో నెగ్గని మారిమాస్టాట్ అనే మందు ఈ ఎంజైమ్‌లను ఆపగలదు. దాన్నిప్పుడు పాము విషాల మీద ప్రయోగశాలల్లో పరీక్షిస్తున్నారు.