తపాలా నడపిన వంశములు

తెలుగున 'అంచెలంచెలుగా' అను మాట తఱచుగా వినవచ్చును. ఒక పని యొక్కసారిగా గాక మెట్టు తరువాత మెట్టుగా సాగినపుడు ఈ మాటను వాడుదురు. అంచె యనగా దారిలో ఒకరి భారమును మఱియొకరు అందుకొను తావు. పూర్వము జాబులు ఇట్లే ప్రయాణము చేసెడివి. ఒకడు జాబుల సంచిని కొంతదూరము మోసికొనిపోయి, అచట వేచియున్న వేఱొకనికి అందించును. అతడు వెంటనే పరుగు సాగించును. మనుష్యులు మాఱుచుందురు, సంచి మాత్రము నిలువదు. తపాలా రహస్యమంతయు ఇందులోనే యున్నది.

ఖమ్మము నుండి ఈశాన్యముగా పోయిన కొలది మైదానము తగ్గి అడవి మొదలగును. ఆ అడవి పాల్వంచ మీదుగా గోదావరి వఱకును, నది దాటి భద్రాచలము కొండలలోనికిని వ్యాపించినది. 1860లో నిజాము ప్రభుత్వము భద్రాచలము, రేకపల్లి తాలూకాలను ఆంగ్లేయులకు అప్పగించెను. వారు వానిని తొలుత మధ్యపరగణాలలో చేర్చి, 1874లో మదరాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మార్చిరి. పాల్వంచ, బూర్గంపహాడు మొదలగు ఈవలి గట్టు గ్రామములు నిజాము రాజ్యముననే నిలిచెను. అందుచే గోదావరి రెండు ప్రభుత్వములకు ఎల్ల యయ్యెను. క్రమముగా ఒక గట్టున నిజాము తపాలాయు, రెండవ గట్టున ఆంగ్ల ప్రభుత్వపు తపాలాయు ఏర్పడెను. రెండు గట్టులవారిదియు ఒకే భాష, ఒకే దేవుని తిరునాళ్ళు. వారి నడుమ చుట్టఱికములును కలవు. కాని జాబునకు మాత్రము నది యొక సరిహద్దు.

దేశమంతటికి ఒకే తపాలా యుండుట మనకు అలవాటైనది. ఒక పాలక వంశము పేర తపాలా నడచుట వింతగా తోచవచ్చును. కాని యిది మన దేశమునకే ప్రత్యేకమైన సంగతి కాదు. ఐరోపా ఖండములో ఒక కుటుంబము మూడు వందల యేండ్లకు పైగా అనేక రాజ్యముల తపాలాను తన చేతిలో నుంచుకొనెను. ఆ వంశము పేరు టూర్న్ టాక్సిస్. వారి చరిత్ర తెలిసికొన్నచో మన గోదావరి గట్టుల చరిత్ర మఱింత చక్కగా బోధపడును.

ఈ వంశమువారి పూర్వులు ఇటలీ దేశమున బెర్గామో నగరమునకు సమీపమందలి కార్నెల్లో అను చిన్న కొండపల్లెకు చెందినవారు. వారి యింటిపేరు టాస్సో. పొలములు తక్కువైన ఆ కొండసీమలోని యువకులు వెనిస్ మొదలగు నగరములకు పోయి వార్తాహరులుగా పనిచేయుచుండిరి. 1490లో హాబ్స్‌బర్గు రాజవంశమునకు చెందిన మాక్సిమిలియన్ ఈ కుటుంబమువారిని పిలిపించి, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ నుండి నెదర్లాండు సీమలోని మెకలన్ నగరము వఱకు అంచెలు నిలుపు పని యొప్పగించెను. ఆయన రాజ్యములు దూరదూరముగా చెదరియుండెను. జాబులు వేగముగా నడువనిచో వాని నేలుట దుస్సాధ్యము.

ఈ పనిని చక్కబఱచినవాడు ఫ్రాన్సిస్ టాక్సిస్. ఆయన బ్రస్సెల్సు నగరమున నివసించి తపాలాను నడపెను. 1505లో ఆయనకును మాక్సిమిలియన్ కుమారుడైన ఫిలిప్పునకును ఒక ఒడంబడిక జరిగెను. ఏడాదికి ఇంత సొమ్ము అని రాజు చెల్లింపవలెను. బ్రస్సెల్సు నుండి ఇన్స్‌బ్రుక్‌నకు జాబు వేసవిలో అయిదున్నర దినములలోను, శీతకాలమున ఆరున్నర దినములలోను చేరవలెను. స్పెయిన్ దేశమునందలి గ్రనడాకు వేసవిలో 15 దినములు, శీతకాలమున 18 దినములు గడువు. అంతకు పూర్వము జాబు ఎప్పుడు చేరునో చెప్పగలవారు లేరు. మంచు కురియు కాలమునకు వేఱుగా ఒక దినము, మూడు దినములు అని లెక్కగట్టి మాట యిచ్చుట ఆ కాలమున గొప్ప సాహసము.

ఆ మాటను నిలుపుకొనుటకు రెండు ఏర్పాటులు తోడ్పడెను. మొదటిది అంచె. తొలుత ఇంచుమించు 20 మైళ్ళకు ఒక ఠాణాను నిలిపి, అందు గుఱ్ఱములను సిద్ధముగా నుంచెడివారు. తరువాతి కాలమున ఆ దూరము ఇంకను తగ్గెను. రౌతు దారిలో కొమ్ము ఊదుచు వచ్చును. ఆ ధ్వని విని ముందరి ఠాణావారు గుఱ్ఱమునకు జీను వేయుదురు, నగరద్వారపాలకులు తలుపులు తెఱతురు. రెండవది కాలపత్రము. సంచితోపాటు ఒక కాగితము ప్రయాణము చేయును. ప్రతి ఠాణాలోను సంచి యే దినమున, ఏ గంటకు చేరినదో దానిపై వ్రాయుదురు. ఎచట ఆలస్యము జరిగినదో ఆ కాగితమే చెప్పును. ఒకరి తప్పును మఱియొకరిపై మోపుటకు వీలులేదు.

1516లో ఈ తపాలా రోము, నేపుల్సు నగరముల వఱకు విస్తరించెను. ఈ కాలముననే ఇందొక ముఖ్యమైన మార్పు నెలకొనెను. రాజుల జాబులతోపాటు వర్తకుల జాబులను, సామాన్యుల జాబులను కూడ సొమ్ము తీసికొని చేరవేయసాగిరి. రాజు సొమ్ము చెల్లించుట ఆలస్యమైనను తపాలా నిలువకుండుటకు ఈ రాబడియే ఆధారమయ్యెను. రాజు కొఱకు వేసిన దారిలో ప్రజల జాబులు నడచెను. ఆ దారిని నిలిపినవియు ప్రజల జాబులే.

1615లో చక్రవర్తి మతియాసు ఈ వంశమునకు సామ్రాజ్య తపాలాధిపత్యమును వంశపారంపర్యముగా ఒసగెను. మూడేండ్లకే ముప్పది యేండ్ల యుద్ధము ఆరంభమై జర్మను దేశములను నాశనము చేసెను. ఆ సమయమున, 1628లో, తపాలాధిపతి లియొనార్డు మరణించెను. కుమారుడు బాలుడు. అప్పుడాయన భార్య అలెగ్జాండ్రిన్ ఆ భారమును తాను వహించి, 1646 వఱకు తపాలాను నడపెను. సైన్యములు దారులను త్రొక్కివేయుచున్నను ఆమె తపాలాను విడువలేదు. కుమారుడు పెద్దవాడైన పిదప ఆ బాధ్యతను అతనికి అప్పగించెను. 1695లో ఈ వంశమునకు రాకుమార బిరుదము లభించెను. వార్తాహరుల కుటుంబము రాజవంశములతో సమానమయ్యెను.

ఇంత ఘనత గల సంస్థలోను ఒక కళంకము కలదు. చక్రవర్తి అనుగ్రహముపై ఆధారపడినవారు చక్రవర్తి కోరికను కాదనలేరు గదా! ఈ తపాలా ఠాణాలు కొన్నింటిలో రహస్యపు గదులు ఏర్పడెను. అందు జాబుల లక్కముద్రలను నేర్పుతో విప్పి, విషయమును నకలు వ్రాసికొని, మరల ముద్రవేసి పంపెడివారు. ఆ నకళ్ళు వియన్నాలోని రాజసభకు చేరెడివి. వ్రాసినవాడు నమ్మి తపాలాలో వేసిన జాబు చేరవలసిన వానికంటె ముందు పరుల కంటబడెను. ఒకే వంశము చేతిలో తపాలా యుండుటలో గల లాభము వేగము. అందులోని అపాయము ఇది.

1806లో ఆ సామ్రాజ్యమే అంతరించెను. అయినను ఈ వంశమువారు ఫ్రాంక్‌ఫర్టు నగరమును కేంద్రముగా జేసికొని చిన్నచిన్న జర్మను సంస్థానములలో తపాలా నడపుచునే యుండిరి. 1852లో బిళ్ళలను ముద్రించిరి. ఉత్తరమున ఒక నాణెము, దక్షిణమున వేఱొక నాణెము చెల్లుచుండుటచే బిళ్ళలను కూడ రెండు విధములుగా ముద్రింపవలసి వచ్చెను. 1866లో ప్రష్యా ప్రభుత్వము ఫ్రాంక్‌ఫర్టును జయించెను. మఱుసటి యేడు, 1867 జూలై 1వ తేదీన, ముప్పది లక్షల థాలరుల సొమ్ము పుచ్చుకొని ఆ వంశము తన తపాలాను ప్రష్యాకు అప్పగించెను.

అక్కడ ఒక వంశపు తపాలా ముగిసిన రెండేండ్లకు ఇక్కడ, హైదరాబాదు రాజ్యమున, మఱియొక వంశపు తపాలా తన తొలి బిళ్ళను వెలువరించెను. మొదటి సాలార్ జంగు దివానుగా నుండి రాజ్యపాలనను చక్కదిద్దుచుండిన కాలమది. 1869లో అసఫ్‌జాహీ ప్రభుత్వపు మొదటి తపాలా బిళ్ళ వెలువడెను. తరువాతి బిళ్ళలపై పారసీ అక్షరముల ప్రక్కన తెలుగు అక్షరములకును చోటు దొరకెను. 1931లో వెలువడిన బిళ్ళలపై చార్మినారు, హైకోర్టు భవనము, అజంతా గుహలు మొదలగు చిత్రములు కలవు.

జాబులు మోయు విద్య మాత్రము మన దేశమునకు క్రొత్త కాదు. పదునాలుగవ శతాబ్దిలో ఢిల్లీకి వచ్చిన ఇబ్న్ బతూతా అను యాత్రికుడు ఇచటి కాలినడక తపాలాను వర్ణించెను. పరుగెత్తువాడు ఒక చేత జాబును, మఱియొక చేత రాగి గజ్జెలు కట్టిన కఱ్ఱను పట్టుకొనును. ఆ చప్పుడు విని తరువాతి అంచెవాడు సిద్ధపడును. పదునేడవ శతాబ్దిలో గోలకొండను దర్శించిన టావర్నియే అను ఫ్రెంచి వర్తకుడు మఱియొక వింతను చెప్పెను. మన అంచెవాడు జాబును తరువాతివాని చేతికి ఇయ్యక గుడిసె వాకిట పడవేయునట. చేతికి ఇచ్చుట అపశకునమని వారి నమ్మకము. గుఱ్ఱపురౌతు కంటె ఈ పాదచారుల తపాలాయే వేగమైనదని ఆయన వ్రాసెను. రౌతు రాత్రి విశ్రమించును, అంచెలకు విశ్రాంతి లేదు. ఐరోపా రౌతు ఊదిన కొమ్మును, మన అంచెవాని గజ్జెలును చెప్పునది ఒకటే: "వచ్చుచున్నాను, సిద్ధముగా నుండుము."

నదికి ఆవలి గట్టున నడచిన ఆంగ్ల ప్రభుత్వపు తపాలా 1854లో నూతన పద్ధతికి మాఱియుండెను. పావు తులము తూకము గల జాబు దేశమున ఎంత దూరము పోయినను అర్ధణా చాలును. రెండు మైళ్ళకును, రెండు వేల మైళ్ళకును ఒకే వెల. కాని అసఫ్‌జాహీ బిళ్ళ హైదరాబాదు రాజ్యములోపలనే చెల్లును. నాణెము కూడ వేఱు. హైదరాబాదు హాలీసిక్కా రూపాయి ఆంగ్లేయుల రూపాయితో సమానము కాదు. ఈ విధముగా పాల్వంచలోని తండ్రి నది కావలనున్న కుమార్తెకు పంపదలచిన జాబునకు ఇంటిదగ్గఱ దొరకు బిళ్ళ చాలకపోయెను. ఉత్తర జర్మనీలో కొన్న బిళ్ళ దక్షిణమున పనికిరాని కష్టమే గోదావరి గట్టున కూడ కలిగెను.

రెండు తపాలాలకును ఆధారమైనవాడు అడవిలోని అంచెవాడే. ఆ దారులలో బండి పోదు, గుఱ్ఱము నిలువదు. అతడు సంచిని భుజమున వేసికొని, గజ్జెలు కట్టిన ఈటెను చేతబట్టి, కోయపల్లెల మీదుగా పరుగుపెట్టును. గజ్జెల చప్పుడునకు చిన్న మృగములు తొలగును. పెద్దపులికి ఆ చప్పుడు చాలదు. పులుల భయము గల అడవులలో రాత్రివేళ కాగడా పట్టువారిని, డప్పు వాయించువారిని తోడుగా పంపు ఆచారము మన దేశపు తపాలాలో కలదు. అట్లు పంపినను పులుల పాలైన అంచెవారును కలరు. వానకాలమున కిన్నెరసాని వంటి వాగులు పొంగి దారిని మూసివేయును. ఇన్ని యిక్కట్లు పడి అతడు మోయు సంచిలో ఏమున్నదో అతనికి తెలియదు. అందులో సర్కారు ఉత్తరువు ఉండవచ్చును, పెండ్లి శుభలేఖ యుండవచ్చును, చావు కబురు ఉండవచ్చును. సంచి ముద్ర చెడకుండ ముందరివానికి అందించుటయే అతని ధర్మము. వియన్నా రాజసభకై జాబులు విప్పిన చదువరుల కంటె ఈ అంచెవాడు ధర్మమెఱిగినవాడు.

1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశమున విలీనమయ్యెను. 1950 ఏప్రిల్ 1వ తేదీన దాని తపాలా భారత తపాలాలో చేరెను. ఇందుకై థాలరుల మూటలు చేతులు మాఱలేదు. గోదావరి రెండు గట్టులకును ఒకే బిళ్ళ, ఒకే వెల యయ్యెను. పాలన యెల్ల చెరుగుటకు ఇంకను కొంతకాలము పట్టెను. 1953లో ఖమ్మము జిల్లా ఏర్పడగా, 1959లో భద్రాచలము అందులో చేరెను. 1965లో భద్రాచలమునొద్ద వంతెన ప్రారంభమై రెండు గట్టులను కలిపెను. 2016 నుండి భద్రాచలము భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో నున్నది. ఈ మార్పులకన్నిటికి ముందే రెండు గట్టులను ఒకటిగా జేసినది తపాలాయే.

టూర్న్ టాక్సిస్ వంశము రాజుల జాబులకొఱకును, అసఫ్‌జాహీ వంశము తన పాలనకొఱకును తపాలాను ప్రధానముగా నెలకొల్పి యుండవచ్చును. అయినను వారు వేసిన దారులు వ్యర్థము కాలేదు. ఆ దారులలో సామాన్యుని జాబు నడచినంతకాలము ఆ సంస్థలు వర్ధిల్లెను. దారి నేర్పఱచినవారు మాఱుదురు, దానిపై ముద్రించు పేరు మాఱును. జాబు మాత్రము వ్రాసినవానిదియు, అందుకొనువానిదియు. నడుమ నున్నవారు ఎంతటి ప్రభువులైనను అంచెవారే. వచ్చిన సంచిని విప్పక, తడవక, వేళ తప్పక ముందరివానికి అందించుటకంటె వారికి గొప్ప బిరుదము లేదు.