చలికాలంలో పెరటి బాతులు: కొంత శరీరధర్మం, కొంత రసాయనం

మెల్బోర్న్ నగర కేంద్రానికి ఉత్తరాన దాదాపు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న క్రెయిగీబర్న్‌లో స్థిరపడిన మన కుటుంబాలలో కొందరు, పిల్లల ముచ్చట తీర్చడానికి పెరట్లో బాతులను పెంచుతున్నారు. జూన్ నుండి ఆగస్టు వరకు ఇక్కడ తెల్లవారుజామున ఉష్ణోగ్రత తరచు 5 డిగ్రీల దగ్గరకు దిగుతుంది. కొన్ని ఉదయాలు సున్నాను చేరి, పచ్చికమీద మంచు తెల్లగా పేరుకొంటుంది. కృష్ణా డెల్టా కోత చేలలో గింజలేరుకొనే బాతుల మందలను చూసి పెరిగిన మనకు, ఈ చలిలో అవి బ్రతుకుతాయా అన్న సందేహం కలగడం సహజమే. చలివల్ల పెద్ద బాతుకు కలిగే ప్రమాదం స్వల్పం. తడి, చెడుగాలి, తగని ఆహారం, ఈ మూడే దానికి అసలైన శత్రువులు.

బాతు శరీరోష్ణం 41 డిగ్రీల పైమాటే. అంత వేడిగల ప్రాణి మంచుమీద వట్టి కాళ్లతో ఎలా నిలబడగలదు? దాని కాలిలో, క్రిందికి పోయే వేడి ధమనులూ పైకి వచ్చే చల్లని సిరలూ ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. దిగే రక్తం తన వేడిని ఎక్కే రక్తానికి అప్పగిస్తుంది. ప్రయోగశాలలో మేము వాడే ఉష్ణ వినిమయ యంత్రాల సూత్రం సరిగ్గా ఇదే. పాదానికి చేరేసరికి రక్తం చల్లబడే ఉంటుంది కనుక నేలకు పోయే వేడి అత్యల్పం.

ఇక ఈకల సంగతి. తోక మొదట ఉన్న గ్రంథి మైనపు జాతికి చెందిన ఎస్టర్లను స్రవిస్తుంది. బాతు వాటిని ముక్కుతో ఒళ్లంతా పూసుకొంటుంది. ఆ మైనమూ, ఈకల సన్నని అల్లికా కలిసి నీటిని అడ్డుకొని, లోపల గాలిపొరను నిలుపుతాయి. ఆ గాలిపొరే దాని రగ్గు. బురద పట్టినా, సబ్బు తగిలినా ఈ ఏర్పాటు చెడి, నీరు చర్మం వరకు చేరుతుంది. కాబట్టి చలికాలమని స్నానపు నీరు మాన్పించడం తప్పు. ముక్కు రంధ్రాలు, కళ్లు మునిగేంత లోతైన శుభ్రమైన నీరు దానికి ప్రతిదినమూ కావాలి. సబ్బుతో కడగడం మాత్రం వద్దు.

క్రెయిగీబర్న్ నేల బసాల్ట్ శిలనుండి పుట్టిన బంకమన్ను. తెలంగాణలో ఆదిలాబాద్ వైపు నల్లరేగడికి దగ్గరి చుట్టమే. వానకు నీరు ఇంకక, బాతులు రెండు రోజులలో పెరటిని చిత్తడి చేస్తాయి. గూటిని కొంచెం ఎత్తున కట్టి, పొడిగడ్డి మందంగా పరచి, తడిసిన భాగాన్ని వెంటవెంటనే మార్చాలి. బూజు పట్టిన గడ్డి వాడితే ఆస్పర్‌జిల్లస్ శిలీంధ్రబీజాలు ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీయగలవు. చుట్టుప్రక్కల కొత్త ఇండ్లు లేస్తున్నచోట ఉచితంగా దొరికే రంపపుపొట్టు కూడా వద్దు. ఆ కలపకు రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలు పట్టించి ఉండవచ్చు.

చలి అని గూటిని బిగించి మూసేవారున్నారు. రెట్టలోని యూరిక్ ఆమ్లాన్ని సూక్ష్మజీవులు అమోనియాగా మారుస్తాయి. అది గాలిలో పది లక్షల భాగాలకు 25 భాగాలు మించరాదన్నది పౌల్ట్రీలో సాధారణ ప్రమాణం. మనం నిలబడి వాసన చూస్తే తెలియదు. వంగి, బాతు తల ఎత్తున పీల్చి చూడాలి. కన్ను మండితే గాలి చాలనట్లే. ఈదురుగాలి నేరుగా తగలకుండా, పైభాగాన గాలి ఆడే సందులుంచాలి. దుర్వాసనకు సున్నం చల్లడం మనవారికి అలవాటు. తడి రెట్టమీద సున్నం పడితే క్షారత పెరిగి అమోనియా మరింతగా వెలువడుతుంది, పాదాలూ కాలుతాయి.

ఆహారం దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలవాలి. కొన్నేళ్ల క్రితం మా పరిచయస్థుల ఇంట మూడు బాతుపిల్లలు మూడవ వారానికే కాళ్లు వంకరపోయి నిలువలేకపోయాయి. పిల్లలు ప్రేమతో పెట్టింది తెల్లన్నమూ, రొట్టెముక్కలూ. చలికి పట్టుకున్నదని ఇంటివారు అనుకొన్నారు. అది నయాసిన్ లోపం. కిలో మేతలో గుడ్ల జాతి కోడిపిల్లకు 27 మిల్లీగ్రాముల నయాసిన్ చాలితే, బాతుపిల్లకు 55 కావాలి. ట్రిప్టోఫాన్ నుండి నయాసిన్ తయారుచేసుకొనే శక్తి బాతుకు చాలా తక్కువ. ఆ ముడిపదార్థాన్ని మరోదారి పట్టించే ఎంజైము దానిలో చురుకుగా ఉంటుంది. బ్రూయర్స్ ఈస్ట్ కలిపిన మేతతో రెండు పిల్లలు కోలుకున్నాయి, ఒకటి దక్కలేదు. వెజిమైట్ కూడా ఈస్టుదే గదా అని పెట్టరాదు. దానిలో ఉప్పు అధికం.

ఇదే లోపం మనుషులలో పెల్లాగ్రా. జొన్నలే ప్రధానాహారమైన దక్కను పేదలలో ఆ వ్యాధిని హైదరాబాదులో పరిశోధించిన డా. సి. గోపాలన్, డా. ఎస్. జి. శ్రీకంఠయ్యలు, జొన్నలలో అధికమైన ల్యూసిన్ దానికి కారణమని 1960లో ప్రతిపాదించారు. దానిపై తరువాత వాదోపవాదాలు సాగాయి. పెరటి బాతుకూ, పాలమూరు కూలీకీ ఒకే అణువు కరువైనదన్నది నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది.

చెమ్మ తగిలిన మేత మరో గండం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు చనిపోగా, వెదికితే బూజుపట్టిన వేరుశనగ పిండిలో అఫ్లటాక్సిన్ బయటపడింది. దానికి త్వరగా లొంగే ప్రాణులలో బాతుపిల్ల ముందువరుసలో ఉంటుంది. ఉడికించినా ఆ విషం పోదు. మేతను మూతగల డబ్బాలో దాచి, బూజు కనిపిస్తే పారవేయాలి.

పెద్ద బాతులకు హీటరు అక్కరలేదు. తల్లిలేని పిల్లలకు మాత్రం మొదటివారం 32 డిగ్రీల వెచ్చదనం ఇచ్చి, వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించవచ్చు. అందుకు వాడే దీపానికి టెఫ్లాన్ పూత ఉండకూడదు. వేడెక్కిన పూతనుండి వెలువడే వాయువులు పక్షులను నిమిషాలలో చంపగలవు. దీపం గడ్డికి తగిలితే అగ్నిప్రమాదం వేరే.

జూన్‌లో పగలు తొమ్మిదిన్నర గంటలే కనుక గుడ్లు తగ్గుతాయి, దానికి మందు వెదకనక్కరలేదు. రాత్రులు దీర్ఘం, మెర్రి క్రీక్ వెంబడి నక్కలు తిరుగుతాయి కనుక చీకటి పడకముందే గూటికి గొళ్లెం వేయాలి. అడవిబాతులు దిగేచోట మేత, నీరు ఉంచకూడదు. 2024 మే నెలలో విక్టోరియాలోని మెరిడిత్, టెరాంగ్ ప్రాంతాల కోళ్లఫారాలలో బర్డ్ ఫ్లూ బయటపడింది. ఒకేసారి పలు బాతులు జబ్బుపడినా, అకస్మాత్తుగా చనిపోయినా వాటిని తాకకుండా, పశువ్యాధుల అత్యవసర సంఖ్య 1800 675 888కు రాత్రి పగలు ఎప్పుడైనా తెలియజేయవచ్చు.